రాజేశం తీసిన చీటీ

లచ్చన్న మా గదికి వచ్చింది ఒక ఆదివారం. ఆరాధన ముగించుకుని, గల్ఫ్‌లో మేముండే రోలాలో బస్సు దిగి, మెస్సుకి కావలసిన కొత్తిమీర, పచ్చిమిర్చి కొనుక్కుని మూడో అంతస్తు ఎక్కేసరికి మా తలుపు పక్కన గోడకి ఆనుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. చెప్పులు విప్పి పక్కన జతగా పెట్టుకున్నాడు. నన్ను చూసి లేచాడు. మోకాలి మీద చెయ్యి వేసి, ముందు నడుము, తరువాత తల ఎత్తే ఆ లేవడంలో నాకు బాగా తెలిసిన మనిషి ఒకడు కనిపించాడు.

"భండారీ అన్న నువ్వేనా?" అన్నాడు.

ఓడలో వంటవాణ్ణి భండారీ అంటారు. సముద్రం వదిలాక ఆ పేరుతో నన్నెవరూ పిలవలేదు. మెస్సులో కుర్రాళ్ళు బాబాయ్ అంటారు, సంఘంలో సత్యానందం గారు అంటారు.

"రాజేశం తమ్ముణ్ణి. లచ్చన్న. అల్ వర్సాన్‌ల గోదాంల పని జేస్త."

లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. టీ తాగాడు. అప్పుడు చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి అరచేతిలో సగం కూడా లేని గులాబీరంగు అట్టముక్క తీసి నా ముందు పెట్టాడు. చుట్టూ మల్లెతీగ అంచు. ఒక మూల పసుపు అంటుకుని ఉంది. దేవుని కోసం ఓపికతో ఎదురుచూస్తూ కనిపెట్టుకుని ఉండమని చెప్పే వాక్యం. దాన్ని చదవాల్సిన అవసరం నాకు లేకపోయింది.

"అన్న సామాన్లతోని వచ్చింది. వదిన దేవుని పటాలకాడ వెట్టింది," అన్నాడు. "కెప్టెన్ సాబ్‌కు ఫోన్ జేసినం. ఓడల్నించి ఒక్కనికి పోనీకి పర్మిషన్ వస్తె, మీ అన్న తనంతల తనే నేనుంట అన్నడని చెప్పిండు. మిగిలింది భండారీనే అడుగుమన్నడు. మా వదినది ఒక్కటే మాట అన్నా. కాలు గట్లున్నోడు ఎందుకుంట అన్నడు, ఇంటికి రావాలని లేకుండెనా, నా మొకం జూడాలని లేకుండెనా అంటది. ఇన్నేండ్లాయె, గదే మాట. అడిగి రమ్మన్నది."

"ముందు భోంచెయ్యి, తరువాత చెప్తాను," అన్నాను. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. ఆ అన్నం ఉడికినంతసేపూ నా మనసులో తిరిగినదే ఇక్కడ రాస్తున్నాను.

ఆ అట్టముక్క మా అమ్మ డబ్బాలోది. కొత్త సంవత్సరం ఆరాధనలో మా సంఘాలన్నిటిలో వాగ్దాన చీటీలు పంచుతారు. బుట్టలో వేసి తిప్పుతారు. కళ్ళు మూసుకుని ఎవరికి వారు ఒకటి తీసుకోవాలి. ఏ వాక్యం వస్తే ఆ ఏడంతా అది వాళ్ళది. మిగిలిపోయిన చీటీలని అమ్మ పారేయనిచ్చేది కాదు. ఏళ్ళ తరబడి పోగుచేసి ఒక యాలకుల డబ్బాలో దాచింది. గోదావరి పాయ పక్కన రెండు గదుల పెంకుటింట్లో మా రోజు ఆ డబ్బా చప్పుడుతో మొదలయ్యేది. పొయ్యిలో కొబ్బరి మట్టలు అంటుకున్న వాసన, చద్దన్నం గిన్నెలో ఉల్లిపాయ కోసిన వాసన, దాని మీద ఆ డబ్బా మూత తియ్యగానే యాలకుల వాసన. ఎవరి చీటీ వాళ్ళం తీసి అమ్మకిచ్చేవాళ్ళం. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివి అర్థం చెప్పేది. రెండోసారి తీయడానికి వీల్లేదు, వచ్చిందే నీది. అమ్మ స్త్రీల సమాజంలో పెద్ద, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పేది, ఆవిడ చెప్పిన అర్థానికి ఎదురుండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ అర్థాలన్నీ ఇంటిపని వైపే తిరిగేవి. మా తమ్ముడికి వెలుగు గురించి వాక్యం వస్తే లాంతరు చిమ్నీ తుడవమనేది. నాకు జీవజలం గురించి వస్తే బిందె చేతికిచ్చేది. "దేవుడు చెప్పాడా, నువ్వు చెప్పావా?" అని తమ్ముడు ఒకసారి అడిగి చెంపదెబ్బ తిన్నాడు. ఆ ప్రశ్న మా ఇంట్లో మళ్ళీ ఎవరూ అడగలేదు. యాభై దాటాక నేను గల్ఫ్‌కి బయలుదేరినప్పుడు, అమ్మ పోయి అప్పటికి చాలా కాలమైంది, ఆ డబ్బా నా పెట్టెలో పెట్టుకుని వచ్చాను.

గల్ఫ్‌లో నా తొలి ఏళ్ళు నేల మీద గడవలేదు. ఫుజైరా ముందు లంగరు వేసే పెద్ద ఓడలకి ఇంధనం మోసుకెళ్ళి నింపే ఒక చిన్న ట్యాంకరులో వంటపని. మొదటి కొన్ని నెలలు పని బాగానే ఉంది. తరువాత జీతాలు ఆగాయి, తరువాత కంపెనీ ఫోను ఎత్తడం మానేసింది, ఆ తరువాత అసలు కంపెనీయే లేకుండా పోయింది. ఎవరో కోర్టుకి వెళ్ళి ఓడని కదలకుండా ఆపుచేయించారు. లంగరు మీద ఉన్న ఓడని మనుషులు లేకుండా వదలకూడదట. మా బదులు రావడానికి ఎవరూ లేరు. పైగా కరోనా కాలం, ఓడవాళ్ళని రేవులో కాలు పెట్టనివ్వడంలేదు. అలా ఆరుగురం మిగిలిపోయాం. మమ్మల్ని ఎవరూ ఖైదు చెయ్యలేదు. తలుపులకి తాళాలు లేవు. పాస్‌పోర్టులు కెప్టెన్ బీరువాలోనే ఉన్నాయి, అడిగితే ఇచ్చేవాడు. పట్టుకుని ఎక్కడికి పోతాం? ఎదురుగా ఫుజైరా కొండలు, క్వారీల దుమ్ము, పొద్దున్నపూట ఎండలో మెరిసే కార్ల అద్దాలు కనిపించేవి. గాలి నేల వైపు నుంచి వీస్తే మసీదు పిలుపు వినిపించేది, ఒక్కోసారి ఎక్కడో రొట్టె కాలుతున్న వాసన కూడా. అంత దగ్గర. ఈదగలిగినవాడు ఒక పూటలో ఈదగలడు, ఈదినవాణ్ణి రేవులో పట్టుకుని మళ్ళీ ఓడకే పంపుతారు.

కెప్టెన్ గుజరాత్ ఆయన, అరవైకి దగ్గర పడ్డవాడు. చదువుకున్న రోజుల్లో నేర్చుకున్న సంగతి ఒకటి ఒక మధ్యాహ్నం మాకు హిందీలో చెప్పాడు. రెండువందల యాభై ఏళ్ళ కిందట యుద్ధంలో పట్టుబడినవాళ్ళని పాత ఓడల్లో పెట్టేవారట. తెరచాపలు, స్తంభాలు తీసేసి, ఒడ్డుకి కనిపించేంత దూరంలో లంగరు వేసి, అడుగున వందల మందిని కుక్కేవారు. రోజూ పొద్దున్నే పైనుంచి కాపలావాడు మూత తెరిచి, చచ్చినవాళ్ళుంటే పైకి పంపండి అని కేక వేసేవాడట. ఇంజను గదిలో ఆయిల్‌మ్యాన్ రాజేశం, జగిత్యాల పక్క పల్లెటూరివాడు, బీడీ లేక నోట్లో పుల్ల నములుతూ అన్నాడు: "గాళ్ళకు మూత తెరిశి అడిగెటోడన్న ఉండె సాబ్. మనల్ని ఎవడడుగుతుండు?"

అదే హిందీలో మళ్ళీ చెబితే కెప్టెన్ నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

మా రోజులు ఎలా గడిచేవో చెబితే ఇప్పటి కుర్రాళ్ళు నమ్మరు. డీజిలు అడుగంటడంతో జనరేటరు రోజుకి ఒక్క గంట తిప్పేవాళ్ళం. ఫోన్లు, రేడియో ఛార్జి చేసుకోవడానికి, తాగేనీళ్ళు పైకి తోడుకోవడానికి. క్యాబిన్లు కుంపట్లలా ఉండేవి, అందుకని డెక్కు మీద టార్పాలిన్ కట్టి దాని కింద పడుకునేవాళ్ళం. స్నానం సముద్రపు నీళ్ళతోనే. ఒళ్ళు ఆరాక తెల్లటి ఉప్పు పేరుకునేది, గీరితే మంట. కరెంటు పొయ్యిలు పనికిరాక ఒక డ్రమ్ముని సగానికి కోసి డెక్కు మీద కట్టెలపొయ్యి చేశాను. ముందు సామాన్ల చెక్కలు కాల్చాను, అవి అయిపోయాక ఖాళీ క్యాబిన్ల తలుపులు. ఆ తలుపులకి వేసిన రంగు మండి అన్నానికి ఒక వాసన పట్టేది. ఇప్పటికీ ఎక్కడైనా గోడలకి రంగు వేస్తుంటే నాకు ఆకలివేస్తుంది. పప్పు అయిపోయింది, ఉల్లిపాయలు అయిపోయాయి. రేవు ఏజెంటు లాంచీ పదిరోజులకో ఇరవై రోజులకో వచ్చి బియ్యం, నీళ్ళ సీసాలు తాడుకి కట్టించి వెళ్ళిపోయేది. గాలానికి చేప పడితే చేప, లేకపోతే ఉప్పు. కడిగినప్పుడు నీటి మీద తేలే పురుగులని మొదట్లో పారబోసేవాణ్ణి, తరువాత పట్టించుకోవడం మానేశాను.

ఆ ఓడలో యాలకుల డబ్బా చప్పుడుతో రోజు మొదలుపెట్టింది నేనే. మొదట ఒక్కణ్ణే తీసుకునేవాణ్ణి. రాజేశం చూసి, "గదేంది భండారీ, లాటరీనా?" అని వచ్చి కూర్చున్నాడు. మర్నాటి నుంచి అతనూ తీసేవాడు. అతని కళ్ళజోడు ఇంజను గదిలో పడి పగిలిపోయింది, అందుకని చీటీ నా చేతికిచ్చి, "నువ్వే సదువు" అనేవాడు. నేను చదివి అర్థం చెప్పేవాణ్ణి. నన్ను ఏడిపించని రోజు లేదు. శత్రువుల ఎదుట దేవుడు భోజనం వడ్డిస్తాడనే వాక్యం వచ్చినప్పుడు నా వట్టి అన్నం గిన్నెలోకి తొంగిచూసి, "ఆయన వడ్డిస్తనన్నడు, నువ్వు వండుతలేవు. తప్పెవనిది?" అన్నాడు. అతని మొక్కులు కొండగట్టు అంజన్నకి. "మా అంజన్న సముద్రం దుంకినోడు. నీ దేవుడు నీళ్ళ మీద నడిశినోడు. ఇద్దరిల ఒక్కలన్న రాకపోతరా ఈడికి?" అనేవాడు. నేను కోప్పడేవాణ్ణి కాదు. వినేవాడు దొరికాడన్న సంతోషం నాది. ఒక ఆత్మని ప్రభువు నా చేతికిచ్చాడని ప్రార్థనలో కృతజ్ఞతలు చెప్పుకునేవాణ్ణి.

అతనికి షుగరు ఉంది. మాత్రలు అయిపోయాయి. లాంచీవాణ్ణి రెండుసార్లు అడిగాం. ఒకసారి మరిచిపోయాడు, ఒకసారి తలనొప్పి బిళ్ళలు తెచ్చాడు. ఒకరోజు నా పొయ్యి దగ్గర నేల మీద ఎర్రగా అడుగులు కనిపించాయి. "ఎవనిదిరా ఈ నెత్తురు?" అని రాజేశమే అడిగాడు. ఇనపరేకు అంచు కోసుకుని అరికాలు తెగి ఉంది, అతనికి తెలియలేదు. ఆ కాలిలో స్పర్శ ఎప్పుడో పోయింది. ఉప్పునీళ్ళు కాచి కడిగాను, పసుపు అద్దాను, నా దిండుగలీబు చింపి కట్టుకట్టాను. వారానికి బొటనవేలు నల్లబడింది. వాసన మొదలైంది. మాంసం, చేప ఎన్నాళ్ళకి ఎలా వాసనొస్తుందో వంటవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు, నాకు అందరికంటే ముందే తెలిసింది. కెప్టెన్ రోజూ రేడియోలో రేవువాళ్ళతో మాట్లాడేవాడు. కంపెనీ ఏర్పాటు చెయ్యాలి అనేవారు వాళ్ళు. కంపెనీ లేదు అనేవాడు ఈయన.

అప్పుడు నాకు చేతనైంది నేను చేశాను. మూడురోజులు ఉపవాసముండి అతని కాలి మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశాను. ఆ మూడురోజులూ నా వాటా అన్నం కూడా అతనికే పెట్టాను. "సగం చాలు భండారీ, శక్కర ఉన్నది" అని గిన్నె పక్కకి జరిపేవాడు. "బలం రావాలి, తిను" అని బలవంతం చేసేవాణ్ణి. చక్కెర జబ్బున్నవాడికి ఆ తెల్లన్నమే విషమని నాకు తట్టలేదు. వంట నేర్చినవాణ్ణి, నాకు తట్టి ఉండాల్సింది. ఉపవాసముంటున్నానన్న తృప్తి నా కళ్ళకి అడ్డం వచ్చింది.

ఆ రోజుల్లోనే మా అమ్మాయి ఫోను చేసింది. ఊరంతా కరోనా. "అమ్మకి ఆక్సిజన్ పెట్టారు నాన్నా. నిన్ను అడుగుతోంది," అని ఏడ్చేసింది. జనరేటరు ఆగే సమయమైంది. ఫోను పట్టుకుని డెక్కు చివర నిలబడ్డాను. ఆ మర్నాడే లాంచీ వచ్చింది. ఏజెంటు మనిషి మాస్కు పెట్టుకుని లాంచీలోంచే కేక వేశాడు. ఒక్కడికి అనుమతి వచ్చింది, ఒక్కడికే. ఐదుగురు ఓడలో ఉంటే చాలట. కాగితంలో పేరు ఖాళీ ఉంది, ఎవరో తేల్చుకోండి, రేపు పొద్దున్న వస్తాను, ఖలాస్, అని లాంచీ తిప్పేశాడు.

మిగతా ముగ్గురూ రాజేశం, నేను, మా ఇద్దరిలో ఒకరే పోవాలన్నారు. కెప్టెన్ మనసులో రాజేశమే ఉన్నాడు, నాకు తెలుసు. కానీ మా అమ్మాయి ఏడుపు ఆయనా విన్నాడు. తల పట్టుకుని, "మీరిద్దరూ తేల్చుకోండి, నావల్ల కాదు," అన్నాడు. నేను కాలు చూసి, "నువ్వు వెళ్ళు" అని ఉండాల్సింది. అనలేదు. రాజేశమే అన్నాడు, "గింత రంది ఎందుకు? రోజు పొద్దుగాల చీటీ తీస్తం గద. రేపు గదే చెప్తది."

తెల్లారాక నేను డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి అతను టార్పాలిన్ కింద కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. సబ్బు లేక ఉప్పునీళ్ళతోనే గీసుకోవడంతో దవడ మీద రెండుచోట్ల గాట్లు పడ్డాయి. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పక్కనే సంచి, దాని మూతికి తాడు కట్టి రెండు ముళ్ళు వేసి ఉంది. ఆ ముళ్ళు నేను చూశాను. చూసి, చూడనట్టు కూర్చున్నాను.

కెప్టెన్ కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. ముందు రాజేశం తీశాడు. నా చేతికిచ్చి, "సదువు" అన్నాడు. చదివాను. ఓపికతో కనిపెట్టుకుని ఉండమని ఉంది.

"ఆగమంటున్నాడు రాజేశం," అన్నాను.

"ఆగుమంటుండా," అన్నాడు. కాసేపు ఆ గులాబీ ముక్క వైపు చూశాడు. "నీది తియ్యి."

తీశాను. నా కుడిచెయ్యి పట్టుకుని ఉంటాను, భయపడకు అని దేవుడు ధైర్యం చెప్పే వాక్యం. చదివి, అర్థం కూడా నేనే చెప్పాను. "నన్ను చెయ్యి పట్టుకుని నడిపిస్తానంటున్నాడు." ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే మా అమ్మ గొంతులా వినిపించింది.

కెప్టెన్ సముద్రం వైపు తిరిగాడు. రాజేశం నవ్వాడు. "ఇగేమున్నది. యల్లా, నడువు భండారీ, లాంచి వస్తది. గిన్నెలు ఎవనికి అప్పజెప్తవో చెప్పు," అన్నాడు. తీసిన చీటీ మళ్ళీ డబ్బాలో వెయ్యడం మా ఇంటి పద్ధతి. "ఇది నాకాడ ఉంచుకుంట, నన్నే ఆగుమన్నది గద," అని జేబులో పెట్టుకున్నాడు. నేను డబ్బా కూడా అతనికే ఇచ్చేశాను. అదేదో దానం చేసినట్టు. లాంచీ కదిలాక వెనక్కి తిరిగి చూస్తే కడ్డీల పక్కన బకెట్టు బోర్లించి దాని మీద కాలు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. సంచి తాడు విప్పుతున్నాడు. రెండు ముళ్ళు కదా, తొందరగా ఊడి రావడంలేదు.

ఇంటికి చేరాక కూడా పద్నాలుగు రోజులు వేరే గదిలో ఉంచారు. నా భార్య కరుణ తేరుకుందని నేను ఓడ దిగిన రెండో రోజే ఆక్సిజన్ తీసేశారు, నేను విమానం కూడా ఎక్కకముందే. నేను వెళ్ళకపోయినా ఆమె బతికేది. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఆ తరువాత ఆదివారం సంఘంలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను. చెరలాంటి ఓడలోంచి ప్రభువు నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాడని, చీటీ సంగతితో సహా చెప్పాను. సంఘమంతా స్తోత్రం చెప్పింది, ఆడవాళ్ళు ఏడ్చారు. రాజేశం పేరు చెప్పలేదు, 'ఇంకొక సహోదరుడు' అన్నాను. ఆ సాయంత్రమే కెప్టెన్ ఫోను చేశాడు. నేను వచ్చేసిన పంతొమ్మిదో రోజున స్పృహ తప్పితే అప్పుడు రేవువాళ్ళు పడవ పంపారట. కాలు మోకాలి పైదాకా తీసేశారు. రక్తమంతా విషమెక్కిందట. నేను సంఘంలో నిలబడి మాట్లాడుతున్న పూటే ప్రాణం పోయింది.

ఆ ఓడని తరువాత ఎవరో కొన్నారు, మిగిలినవాళ్ళు ఇళ్ళకి చేరారు. నేను బతుకుతెరువు కోసం మళ్ళీ ఇక్కడికే వచ్చాను. ఇప్పుడు నాకు ఏసీ గది ఉంది, గ్యాసు పొయ్యి ఉంది, కుళాయి తిప్పితే మంచినీళ్ళు. కప్పు కడిగిన నీళ్ళు పారబోసేటప్పుడు ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. ప్రార్థన మానలేదు. అప్పటికంటే ఎక్కువే చేస్తాను, కానీ తక్కువ మాట్లాడతాను. అప్పట్లో దేవుడు నాతో రోజూ పొద్దున్నే మాట్లాడుతున్నాడని నమ్మేవాణ్ణి. ఇప్పుడు అధ్యాయం మొదటినుంచి చివరిదాకా చదువుతాను, నాకు నచ్చినా నచ్చకపోయినా. కొత్త సంవత్సరం ఆరాధనలో చీటీల బుట్ట నా వరసకి వచ్చినప్పుడు పక్కవాళ్ళకి అందించేస్తాను. పాస్టరు గారు ఒకసారి ఎందుకని అడిగారు. కళ్ళజోడు మరిచిపోయానన్నాను. ఆయనకీ అబద్ధమే చెప్పాను.

అన్నం ఉడికింది. లచ్చన్నకి వడ్డించాను, చేపల పులుసు వేశాను. అతను తింటుండగా చెప్పడం మొదలుపెట్టాను. ఉపవాసం దగ్గర అతని చెయ్యి ఆగింది. చీటీల దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం పక్కకి జరిపాడు. అతని వేళ్ళకి అంటిన మెతుకులు ఎండిపోయాయి.

"నీ చీటీల ఏమున్నదే?" అన్నాడు.

చెప్పాను. చెయ్యి పట్టుకుని ఉంటాను, భయపడకు అని.

"మరి పొమ్మని ఏడున్నది దాంట్ల?"

"లేదు," అన్నాను.

"మా అన్న దాంట్ల ఓపిక పట్టుమని ఉన్నది. ఓడల్నే ఉండుమని ఉన్నదా?"

"లేదు."

అతను లేచి చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది. తువ్వాలుతో చేతులు తుడుచుకుని, ఫోను తీసి, నంబరు నొక్కి నా చేతిలో పెట్టాడు. "వదినకు నేను చెప్పలేనే. నువ్వే చెప్పు. రోజు దీపం వెడ్తది దానికి."

తెరమీద ఒక ఆడమనిషి మొహం కనిపించింది. తలకి కొంగు కప్పుకుంది. ఆమె వెనక గూట్లో దేవుని పటాలున్నాయి, వాటి మధ్య చిన్న ఖాళీ. "అమ్మా, నేను ఓడలో భండారీని," అన్నాను. ఏదీ దాచలేదు. నా భార్య సంగతి చెప్పి సానుభూతి అడగకూడదనుకున్నాను గానీ అది కూడా చెప్పాల్సి వచ్చింది. ఆమె చివరిదాకా వింది.

"ఆ పొద్దు గడ్డం గీసుకున్నడా?" అంది.

"గీసుకున్నాడమ్మా."

"సంచి గట్టుకున్నడా?"

"కట్టుకున్నాడు. రెండు ముళ్ళు వేసి కట్టుకున్నాడు."

"అంటె రావాల్ననే ఉండె," అంది.

"అవునమ్మా. రావాలనే ఉన్నాడు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చి, తరువాత కళ్ళు తుడుచుకుని, "లచ్చన్నా," అని పిలిచింది. ఫోను అతనికిచ్చాను. ఆమె మాట నాకూ వినిపించింది. "గా చీటీ మనకొద్దు. ఎవనిదో ఆయనకే ఇచ్చి రా."

లచ్చన్న కవరులోంచి ఆ ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకున్నాడు. వస్తానని అనలేదు. మెట్ల మీద అతని అడుగులు కిందిదాకా విన్నాను, తరువాత వీధిలోని బస్సుల చప్పుడులో కలిసిపోయాయి.

చీటీ ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. మూల పసుపు పోలేదు, తుడవలేదు. రోజూ పొద్దున్న అధ్యాయం చదవడం అయ్యాక దాన్ని కూడా ఒకసారి చదువుతాను. అందులో ఉన్నంతవరకే చదివి, అక్కడితో ఆపుతాను.